జ్ఞానేశ్వరి అడిగే వెళ్ళింది

నవంబరు 10, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. యేసుకుమార్ థర్మల్ స్టేషన్‌లో నైట్ షిఫ్టు చేసి ఏడింటికి వచ్చి పడుకున్నాడు. అతనికి వెలుతురు పడకూడదని కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టి ఉన్నాయి. వంటగది తలుపు వేసుకుని స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. రేపు హెడ్‌మిస్ట్రెస్ తెరేసమ్మ గారికి రిపోర్టు ఇవ్వాలి. ముందు ఇక్కడ చిత్తు రాసుకుంటాను.

"నిన్న, రెండో శనివారం, మా పాఠశాల గైడ్స్ బృందాన్ని ప్రకృతి పరిశీలనకు కొండపల్లి కోటకు తీసుకువెళ్ళాము. పిల్లలు ఇరవై నలుగురు. గైడ్ కెప్టెన్‌గా నేను, సహాయంగా డ్రిల్లు మాస్టారు దత్తాత్రేయ గారు. ఉదయం తొమ్మిదిన్నరకు కొండ కింద నుంచి నడక మొదలుపెట్టాము. సగం దారిలో ఒక రాతి మంటపం దగ్గర ఆగి నీళ్ళు తాగాము. పదకొండున్నరకు కోట ద్వారం చేరాము. ఒంటిగంటకు భోజనాల దగ్గర లెక్కపెట్టగా ఇరవై ముగ్గురే ఉన్నారు. ఎనిమిదో తరగతి జ్ఞానేశ్వరి, మందార దళం లీడరు, కనిపించలేదు. వెంటనే వెతకడం ప్రారంభించాము. సాయంత్రం నాలుగుంబావుకు ఫారెస్టు వాచర్ మరియదాసు ఆమెను దారి పక్క పొదల్లో, సగం పూడిపోయిన పాత రాతి తొట్టిలో కనుగొన్నాడు. కుడి కాలు చీలమండ పైన రెండుచోట్ల విరిగింది. ఆ బాలిక"

ఆ బాలిక తరువాత ఏం రాయాలో తోచలేదు. కెప్టెన్ అనుమతి లేకుండా బృందాన్ని వదిలి వెళ్ళింది అని రాయాలి. అనుమతి ఇచ్చినట్టు నాకు గుర్తు లేదు. గుర్తు లేదంటే ఇవ్వలేదనే.

కార్తీకమాసం కదా, కొండ కింద వనభోజనాల మైకులు. పిల్ల ఈల వేస్తూనే ఉందట. మాకు వినపడలేదు. వాచర్ భుజాన వేసుకుని పైకి తెచ్చినప్పుడు దాని పెదవులు ఈల పట్టినట్టే ఉన్నాయి.

కోట ద్వారం దగ్గర నేను లెక్కపెట్టాను. ఇరవై నలుగురు ఉన్నారు. లెక్కపెట్టాను.

అక్కడ ఉండగా స్కూలు ఆఫీసు నుంచి వచ్చిన ఫోను గురించి రిపోర్టులో అక్కర్లేదు. అది వేరే సంగతి.

నవంబరు 11, సోమవారం

తెరేసమ్మ గారు రిపోర్టు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"చివర ఖాళీ వదిలావేంటి హెప్సిబా?"

"మీతో మాట్లాడి రాద్దామనండీ."

"వాళ్ళ నాన్న పొద్దున్నే వచ్చి వెళ్ళాడు. టీచర్‌తో చెప్పే వెళ్ళానంటోందట ఆ పిల్ల. దళం జెండా మంటపం దగ్గర మర్చిపోయి, తెచ్చుకుంటానని నిన్ను అడిగితే వెళ్ళమన్నావట."

"లేదండీ."

"అడగలేదా?"

"అడగలేదండీ."

అంత తొందరగా ఎలా వచ్చిందో నోట్లోంచి. ఆవిడ ఒక్క క్షణం నా వంక చూసి, "సరే, అదే రాసెయ్" అన్నారు. అక్కడే నిలబడి వాక్యం పూర్తి చేశాను.

కరస్పాండెంటు కృపానందం గారు ఇకమీదట యాత్రలన్నీ ఆపేయమన్నారు. కొల్లేరు పక్షుల యాత్ర లేదు, హంసలదీవి క్యాంపు లేదు. గైడ్స్ గదికి తాళం వేయించారు. తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఆఫీసులో ఇచ్చి సంతకం పెట్టాను.

నవంబరు 12, మంగళవారం

అడగలేదు.

నవంబరు 14, గురువారం

బాలల దినోత్సవం. ఈరోజు గైడ్స్‌ని కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్ళి చెట్ల పేర్లు రాయించాలని నెల కిందటే అనుకున్నాం. దానికి బదులు హాల్లో కూర్చోబెట్టి ప్రొజెక్టర్ మీద అడవుల సినిమా వేయమన్నారు. బొమ్మ కనపడాలని కిటికీలు మూశారు. ఇరవై ముగ్గురు పిల్లలు, మూసిన గది, పైన గరగరలాడే ఫ్యాను. తెర మీద ఏదో దేశపు అడవిలో వాన. ఒక పిల్ల అడిగింది, "టీచర్, ఇది కూడా బ్యాడ్జికి లెక్కవుతుందా?" అని. ఎవరూ నవ్వలేదు.

అయిపోయాక ఏడో తరగతి డయానా వెనకాలే వచ్చింది. మెట్ల దగ్గర నా చీర కొంగు పట్టుకుంది.

"టీచర్, ఆ రోజు జ్ఞానేశ్వరి అక్క మీ దగ్గరికి వచ్చింది కదా? గేటు దగ్గర. నేను చూశాను."

"ఎప్పుడు?"

"మీరు ఫోన్లో ఉన్నప్పుడు."

"నువ్వు ఇంకెవర్నో చూసుంటావు. అక్క నా దగ్గరికి రాలేదు."

"రాలేదా టీచర్?"

"రాలేదమ్మా. అనవసరంగా ఎవరితోనూ అనకు. అక్కకే ఇబ్బంది."

కొంగు వదిలేసింది. అక్కకే ఇబ్బంది అన్నాను. ఆ పిల్ల మంచికే అన్నాను. చిన్నపిల్లలు తికమకపడతారు.

నవంబరు 17, ఆదివారం

చూసి రాకపోతే బాగుండదని కృష్ణలంక వెళ్ళాను. మూడో అంతస్తులో రెండు గదుల వాటా. జ్ఞానేశ్వరి తండ్రి వెంకటకృష్ణారావు గారు గవర్నర్‌పేటలో ఒక లాడ్జికి మేనేజరు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. తల్లి రమాసుందరి కాఫీ తెచ్చింది. ఆరెంజిలు తీసుకెళ్ళాను.

పిల్ల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కట్టు మోకాలి దాకా ఉంది. బాల్కనీ గ్రిల్లుకు తాళం. నేను అటు చూడడం గమనించి ఆయన అన్నారు, "ఇక దీన్ని బయటికి పంపే ప్రసక్తి లేదండీ. స్కూలు, ఇల్లు. అంతే. మీరు అంత జాగ్రత్తగా తీసుకెళితే మీ మీదకే నెట్టింది. నాకు తలెత్తుకోడానికి లేకుండా ఉంది."

"పర్లేదండీ. చిన్నపిల్ల."

"చిన్నపిల్లేంటండీ, పదమూడేళ్ళు. జ్ఞానా, లే. ఇటు తిరుగు. టీచర్‌కి సారీ చెప్పు."

వద్దండీ అన్నాను. నిజంగానే అన్నాను. ఆయన వినలేదు. మళ్ళీ చెప్పమన్నారు. రమాసుందరి వంటగది గుమ్మంలో నిలబడిపోయింది. పిల్ల చేతుల మీద బలం పెట్టి నెమ్మదిగా లేచి కూర్చుంది. నా ముఖం చూడలేదు. నా చేతులు చూసింది.

"సారీ టీచర్. మీరు తల ఊపారనుకున్నాను."

కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మెట్లు దిగి ఆటో ఎక్కాను.

అనుకున్నాను అంది. తనే అనుకున్నాను అంది కదా.

నవంబరు 18, సోమవారం

యేసుకుమార్‌తో చెబుదామని అతను లేచేదాకా కాచుకున్నాను. సాయంత్రం నాలుగింటికి దుప్పటి తొలగించి టీ ఇచ్చాను.

"ఒకవేళ ఆ పిల్ల నన్ను అడిగిందనుకో," అన్నాను.

"అడిగిందా?"

"అనుకో అంటున్నా."

టీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టాడు. మంచివాడు. నా మీద ఎప్పుడూ గొంతు పెంచలేదు. "హెప్సీ, పదకొండేళ్ళు. ప్రతి జూన్‌లోనూ ఉంచుతారో తీసేస్తారో అని నువ్వు పడే భయం నాకు తెలుసు. ఇప్పుడు పర్మనెంటు ఫైలు మీద సంతకం అయింది. ఆర్డరు చేతికి రావాలంతే. ఈ నాలుగు రోజులూ ఏమీ అనుకోకుండా ఉండు."

మళ్ళీ దుప్పటి కట్టేశాడు. ఏమీ అనుకోకుండా ఉంటాను.

నవంబరు 21, గురువారం

విచారణ. కృపానందం గారు, తెరేసమ్మ గారు, కమిటీ పెద్ద ఒకాయన. ఏసీ గది. తలుపు దగ్గరగా వేసి కూర్చున్నారు.

దత్తాత్రేయ గారు తాను ముందు జట్టుతో ఉన్నానని, వెనక జరిగింది చూడలేదని చెప్పారు. అది నిజమే. డయానాని పిలిపించారు. ఆ పిల్ల లోపలికి వచ్చి ముందు నన్ను చూసింది.

"నువ్వేమన్నా చూశావామ్మా?" అని తెరేసమ్మ గారు అడిగారు.

"తెలీదు మేడమ్."

"చూశావా, చూడలేదా?"

"చూడలేదు మేడమ్."

వెళుతూ తలుపు సరిగ్గా వేయలేకపోయింది. చప్పుడు చేయకుండా వేయాలని రెండుసార్లు ప్రయత్నించింది.

తరవాత స్టేట్‌మెంటు చదివారు. జ్ఞానేశ్వరి క్రమశిక్షణ ఉల్లంఘించిందని, తప్పు కప్పిపుచ్చుకోవడానికి కెప్టెన్ మీద అసత్యం చెప్పిందని. దళం లీడరు హోదా తీసేస్తారు. వచ్చే ఏడాది టీసీ తీసుకుని వేరే స్కూలు చూసుకుంటే మంచిదని తల్లిదండ్రులకు సూచిస్తారు. "సూచిస్తారు" అన్న మాట కృపానందం గారు స్వయంగా చేర్పించారు. కింద నా పేరు టైపు చేసి ఉంది.

"ఏమన్నా మార్చాలా అమ్మా?" అని అడిగారు.

ఏసీ శబ్దం వింటూ కూర్చున్నాను. తలుపు ఐదడుగుల దూరంలో ఉంది. లేచి వెళ్ళిపోతే వెళ్ళిపోవచ్చు. ఎవరూ పట్టుకోరు.

"లేదండీ."

సంతకం పెట్టాను.

నవంబరు 22, శుక్రవారం

స్కూలుకు వెళ్ళాను. వచ్చాను.

నవంబరు 26, మంగళవారం

పర్మనెంటు ఆర్డరు వచ్చింది. ఆఫీసు క్లర్కు పవన్‌కుమార్ స్టాఫ్ రూములోకి తెచ్చి అందరి ముందూ ఇచ్చాడు. చప్పట్లు కొట్టారు. స్వీట్లు తెప్పించారు. రెండు తిన్నాను. మూడోది కూడా ఎవరో నోట్లో పెట్టారు.

ఈ కాగితం కోసం ఎన్నిసార్లు ప్రార్థన చేశానో. ఇక రిటైరయ్యేదాకా ఈ స్కూలే. ఈ మెట్లు, ఈ వరండా, తాళం వేసిన గైడ్స్ గది ముందు నుంచి రోజుకు ఆరుసార్లు నడక. ఇరవయ్యేళ్ళు. సంతోషంగా ఉండాలి. బస్సులో బెంజ్ సర్కిల్ దగ్గర ఊపిరాడక దిగిపోయాను. జనం ఎక్కువ. అందుకే.

నవంబరు 29, శుక్రవారం

గైడ్స్ పిల్లలు నన్ను యాత్రల గురించి అడగడం మానేశారు. సాయంత్రం గేటు దగ్గర బస్సు కోసం వరసగా నిలబడి ఉన్నారు. నేను వెళితే మాటలు ఆపేశారు. డయానా చెప్పులు చూసుకుంటూ ఉంది.

డిసెంబరు 2, సోమవారం

మధ్యాహ్నం తెరేసమ్మ గారు పిలిచి ఒక కాగితం చేతికిచ్చారు. నోట్‌బుక్కులోంచి చించిన పేజీ. జ్ఞానేశ్వరి గుండ్రటి అక్షరాలు.

"గౌరవనీయులైన హెడ్‌మిస్ట్రెస్ గారికి. నేను హెప్సిబా టీచర్ గారిని అడగకుండా వెళ్ళాను. తరవాత భయపడి అడిగానని అబద్ధం చెప్పాను. నేను అబద్ధాలకోరును. టీచర్ గారు చాలా మంచివారు. నన్ను క్షమించండి. ఇట్లు, జ్ఞానేశ్వరి, 8 బి."

"అంతా సర్దుకుంది," అన్నారు ఆవిడ. "ఒప్పుకునేదాకా మాట్లాడనన్నాడట వాళ్ళ నాన్న. మొత్తానికి ఒప్పించాడు. ఫైల్లో పెట్టేస్తున్నాను. నీకొకసారి చూపిద్దామని."

నీలం ఇంకు. అబద్ధాలకోరు అన్న మాట ఒకసారి తప్పు రాసి, కొట్టేసి, మళ్ళీ సరిగ్గా రాసింది. ఎవరో చెబుతుంటే రాసినట్టు.

క్లాసుకు వెళ్ళి ఏడో తరగతికి వేరు వ్యవస్థ చెప్పాను. బొమ్మ కూడా గీశాను.

డిసెంబరు 3, మంగళవారం

సెలవు పెట్టాను. యేసుకుమార్ పగటి షిఫ్టు. దుప్పట్లన్నీ తీసేశాను. ఎండలో కూర్చుని రాస్తున్నాను.

పదకొండు నలభై రెండు. ఫోన్లో స్కూలు ఆఫీసు నంబరు పక్కన ఆ టైము ఇంకా ఉంది. కోట ద్వారం పక్కన సిగ్నల్ కోసం గోడ వైపు తిరిగి నిలబడ్డాను. పవన్‌కుమార్ అన్నాడు, "మేడమ్, కంగ్రాచ్యులేషన్స్ అండీ. మీ ఫైలు మీద సార్ సంతకం అయిపోయింది." నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎప్పుడు, ఎవరు చెప్పారు, నిజమేనా అని అడుగుతున్నాను. చేతి మీద ఎవరో తట్టారు.

జ్ఞానేశ్వరి. నడినెత్తి నుంచి చెమట కారుతోంది. "టీచర్, మా జెండా మంటపం దగ్గర ఉండిపోయింది. గబగబా వెళ్ళి తెచ్చుకుంటాను. పది నిమిషాల్లో వచ్చేస్తా."

విన్నాను. ప్రతి మాటా విన్నాను. ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళకూడదు, ఇద్దరిద్దరు కలిసి వెళ్ళాలి అన్నది నేను వాళ్ళకు మొదటిరోజు నేర్పే నియమం. అదీ గుర్తొచ్చింది. కానీ అది చెప్పాలంటే చెవి దగ్గర నుంచి ఫోను దించాలి. దించలేదు. తల ఊపాను. చేత్తో కూడా వెళ్ళమన్నాను, ఈగను తోలినట్టు.

ఆ ఫోను అయ్యాక యేసుకుమార్‌కు చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. తరవాత పిల్లలతో కోట లోపలికి వెళ్ళాను. చాలా ఉత్సాహంగా ఉన్నాను. పొణికి చెట్టు గురించి, బొమ్మలు చేసే చెక్క గురించి పాట పాడినట్టు చెప్పానని దత్తాత్రేయ గారు అన్నారు.

లెక్కపెట్టలేదు. ద్వారం దగ్గర నేను అసలు లెక్కపెట్టలేదు.

భోజనాల దగ్గర ఒకరు తగ్గారనగానే ఎవరో నాకు అర్థమైంది. మంటపం వైపు వెళ్ళిందని నాకొక్కదానికే తెలుసు. అయినా ముందు కోట లోపలే వెతుకుదామన్నాను. అటు వెతకమంటే, ఎలా తెలుసని దత్తాత్రేయ గారు అడుగుతారని. గంటన్నర కోట లోపల వెతికించాను. ఇది ఇంతవరకూ నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఆ గంటన్నర ఆ పిల్ల విరిగిన కాలితో తొట్టిలో ఉంది.

డిసెంబరు 4, బుధవారం

మధ్యాహ్నం వెంకటకృష్ణారావు గారు భోజనానికి ఇంటికి వస్తారని తెలిసి ఆ వేళకు వెళ్ళాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు. జ్ఞానేశ్వరి మంచం మీద లెక్కల పుస్తకం పెట్టుకుని ఉంది. తనకు వినపడేలా చెప్పాను.

"మీ అమ్మాయి అబద్ధం చెప్పలేదండీ. నన్ను అడిగింది. నేను ఫోన్లో ఉండి వెళ్ళమన్నాను. తల ఊపాను, చెయ్యి కూడా ఊపాను. ఎటు వెళ్ళిందో తెలిసి కూడా భయపడి వేరేచోట వెతికించాను. స్కూల్లో అబద్ధం చెప్పింది నేను."

ఆయన తింటున్న చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది.

"నేను దాన్ని కొట్టానండీ," అన్నారు. "రెండుసార్లు. కాలికి కట్టుతో ఉన్న పిల్లని. ఆ లెటరు నేనే చెప్పి రాయించాను. పక్కన కూర్చుని."

లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుని, తువ్వాలు ముఖం మీద పెట్టుకుని అక్కడే నిలబడిపోయారు. రమాసుందరి నా ఎదురుగా వచ్చింది. ఈ ఇంట్లో ఆవిడ గొంతు నేను విన్నది ఇదే మొదటిసారి.

"పాతిక రోజులైందండీ. ఇవాళెందుకు చెబుతున్నారు?"

"ఆ ఉత్తరం చూశాకండీ."

"మీ ఉద్యోగం పర్మనెంటు అయిందట కదా. మా ఎదురింటి వాళ్ళ పాప చెప్పింది. అది చేతికొచ్చేదాకా ఆగారా?"

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. అలవాటైపోయింది.

"అవునండీ. ఆగాను."

మంచం మీద నుంచి జ్ఞానేశ్వరి అంది, "నా లెటరు నాకు కావాలి."

"తెస్తానమ్మా."

"జిరాక్సు కాదు. అదే."

డిసెంబరు 5, గురువారం

రాత్రి యేసుకుమార్‌తో చెప్పాను. తిట్టలేదు. "నాకు ముందే తెలుసనిపిస్తోంది. అడగడానికి భయపడ్డాను," అన్నాడు. పొద్దున బండి మీద స్కూలు గేటు దాకా దింపి వెళ్ళాడు.

కొత్త స్టేట్‌మెంటు నా చేత్తో రాసి తీసుకెళ్ళాను. తెరేసమ్మ గారు చదువుతూ చదువుతూ లేచి తలుపు వేశారు.

"ఇది కమిటీకి ఇస్తే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసండీ."

"నిన్ను ఆ రోజు నేను గుచ్చి గుచ్చి అడగలేదు. అది నా మీదకు కూడా వస్తుంది."

కృపానందం గారు వచ్చారు. ఆయన కోప్పడలేదు. నా కాగితం బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఉంచి మాట్లాడారు. "చూడమ్మా, స్కూలు పేరు, పిల్ల భవిష్యత్తు, నీ కుటుంబం, అన్నీ చూసుకోవాలి కదా. ఒక పని చెయ్యి. ఆ అమ్మాయి అడిగిందో లేదో నాకు స్పష్టంగా గుర్తు లేదు అని రాయి. అంతే. ఆ పిల్ల మీద కేసు ఎత్తేస్తాం. టీసీ మాటా ఉండదు. నీ ఆర్డరూ నీకుంటుంది. ఎవరికీ నష్టం లేదు."

పెన్ను కూడా ఆయనే ఇచ్చారు. బరువైన పెన్ను. పట్టుకున్నాను. నిజం చెబుతున్నాను, ఒక నిమిషం పాటు అది ఎంతో న్యాయంగా అనిపించింది. పిల్లకు మంచి జరుగుతుంది. నాకూ జరుగుతుంది. ఆ ఒక్క మాటా రాసేస్తే ఈ గదిలోంచి హాయిగా బయటపడతాను.

తరవాత ప్రతిరోజూ జ్ఞానేశ్వరి నా క్లాసులో కూర్చుంటుంది. అడిగిన పిల్ల, గుర్తు లేని టీచర్.

"గుర్తుందండీ," అన్నాను. పెన్ను బల్ల మీద పెట్టాను.

డిసెంబరు 9, సోమవారం

విచారణ ముగిసేదాకా విధులకు రావద్దని కాగితం ఇచ్చారు. ఆర్డరు నిలిపేశారు. సామాను సర్దుకుంటుంటే స్టాఫ్ రూములో అందరికీ క్లాసులున్నాయి. దత్తాత్రేయ గారు ఒక్కరే ఉండిపోయారు.

"మంటపం వైపు వెతుకుదామని నేను రెండుసార్లన్నాను మేడమ్," అన్నారు. అంతే అన్నారు. నా పెట్టె మాత్రం గేటు దాకా మోసుకొచ్చారు.

వరండాలో డయానాని ఆపి చెప్పాను. "ఆ రోజు నువ్వు చూసింది నిజమే. నేనే తప్పు చెప్పాను. నీ కళ్ళ తప్పేమీ లేదు."

"మరి నేను కమిటీలో అబద్ధం చెప్పాను కదా టీచర్."

"నా వల్ల చెప్పావు. అదీ రాసిచ్చాను."

ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది.

గేటు దాటాక తెరేసమ్మ గారు వెనక నుంచి పిలిచారు. ఒక కవరు చేతిలో పెట్టి, "ఫైల్లో కనపడలేదని చెబుతాను," అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. జ్ఞానేశ్వరి ఉత్తరం. అసలుదే.

సాయంత్రం తీసుకెళ్ళి ఇచ్చాను. మడత విప్పి చదువుకుంది. చింపేస్తుందనుకున్నాను. చింపలేదు. లెక్కల పుస్తకంలో పెట్టుకుంది.

"మీకోసం దాచుకోవడం లేదు," అంది.

డిసెంబరు 25, బుధవారం

చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాం. పిల్లల పాటలు. మధ్యలో లేచి రాలేదు.

జనవరి 8, బుధవారం

నన్ను ఉద్యోగంలోంచి పూర్తిగా తీసేశారు. జ్ఞానేశ్వరి మీద రాసిందంతా రద్దు చేశారట. లీడరు హోదా తిరిగి ఇచ్చారట, నడిపించడానికి యాత్రలు మాత్రం లేవు. పిల్లలు ఇంకా ఆ హాల్లోనే సినిమాలు చూస్తున్నారు. నేను నిజం చెప్పినంత మాత్రాన వాళ్ళకు తలుపు తెరుచుకోలేదు.

హనుమాన్ జంక్షన్‌లో ఒక చిన్న స్కూల్లో సైన్స్ టీచరు కావాలంటే వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. అక్కడి హెడ్‌మాస్టారు విని, "పిల్లల్ని బయటికి తీసుకెళ్ళే పని మీకు ఇవ్వలేనండీ," అన్నారు. ఇవ్వకూడదండీ అన్నాను. సోమవారం నుంచి రమ్మన్నారు.

జనవరి 25, శనివారం

నిన్న రమాసుందరి గారు ఫోను చేశారు. "కట్టు తీసేశారండీ. కాలు బిగుసుకుపోయింది, ఇసకలో నడిపించమన్నారు డాక్టరు గారు. ఆయనకు పొద్దున డ్యూటీ. నాకు మోకాళ్ళు. ఎవర్ని తోడు పంపాలంటే మీ పేరు చెప్పింది. నేనైతే పిలిచేదాన్ని కాదు."

"వస్తానండీ."

ఏడింటికి కృష్ణలంక వెళ్ళాను. ఘాటు మెట్ల మీద పిల్ల కర్ర పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగింది. చెయ్యి ఇవ్వబోతే అక్కర్లేదంది. బ్యారేజీ కింద నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి. ఇసక, మధ్యమధ్య గడ్డి దుబ్బులు, దూరంగా కొంగలు. చలిగాలి. మడమ ముందు ఆనించి తరవాత వేళ్ళు ఆనించమని చెప్పాను. అలాగే చేసింది. నొప్పి పుట్టినప్పుడు ఆగి, నొప్పి కాదన్నట్టు అటూ ఇటూ చూసింది. రెండున్నర నెలల తరవాత పిల్ల ఇలా బయటికి రావడం ఇదే మొదటిసారి.

కాసేపు నడిచాక తనే మొదలుపెట్టింది.

"ఆ తొట్టిలో తేలు ఉంది టీచర్. చిన్నది. అదొక మూల, నేనొక మూల."

"కదిలిందా?"

"రెండుసార్లు. నాకంటే అదే ఎక్కువ భయపడింది. మీరు నన్ను పిలవడం వినపడింది. నా పేరు పైనుంచి వచ్చేది. ఈల వేస్తే కిందనుంచి మైకులో పాటలొచ్చేవి."

ఇసకలో మళ్ళీ పది అడుగులు వేసింది. నిలబడి కర్ర మీద ఆనుకుంది.

"నాన్న కొట్టినందుకు రాయలేదు ఆ లెటరు. నాన్న అదే అనుకుంటున్నాడు."

"మరి?"

"మీరు అంత గట్టిగా అడగలేదంటున్నారంటే, నేను అడగలేదేమో అనిపించింది. మొదట్లో కాదు. తరవాత. పడుకుని అదే ఆలోచించేదాన్ని. మీ చెయ్యి ఊగడం కనపడేది, కానీ అది నేను కల్పించుకున్నానేమో అనిపించేది. మీరు వచ్చి చెప్పకపోతే, నేను అబద్ధాలకోరునని నేనే నమ్మేసేదాన్ని టీచర్."

సారీ చెప్పాను. ఇంతకుముందు చెప్పాను కానీ, దేనికి చెబుతున్నానో ఇవాళే పూర్తిగా తెలిసింది. పిల్ల తల ఎత్తి నన్ను తిన్నగా చూసింది. ఫర్వాలేదు అనలేదు. అనాల్సిన అవసరం లేదన్నట్టు ముఖం తిప్పుకుని నీళ్ళ వైపు చూసింది.

"అక్కడిదాకా వెళదాం," అంది.

"దూరం కాదూ?"

"తెలుసు."

వెళ్ళాం. నలభై నిమిషాలు పట్టింది.